లీటరు ధర దగ్గరే ఆగిపోయిన లెక్క

మదనపల్లె, పుంగనూరు, కుప్పం. ఈ మూడు ఊళ్ళనూ ఒకే రోడ్డు కలుపుతుంది. అనంతపురం వైపు నుంచి వచ్చి కృష్ణగిరి దాకా సాగే 42వ నంబరు జాతీయ రహదారి అది. ఆ రోడ్డు పొడవునా కార్లున్నవాళ్ళ నోట ఒకే మాట: కారు ఖర్చంటే పెట్రోలు ఖర్చే. కొనేముందు అడిగేది "మైలేజీ ఎంతిస్తాది?" అని. కొన్నాక అడిగేది "ట్యాంకు ఎక్కడ నింపితే చౌక?" అని. ఈ రెండింటికీ జవాబు దొరికితే కారు సంసారం ఒడ్డున పడ్డట్టేనని చాలామంది నమ్మకం. ఆయిలు, కూలెంటు, టైర్లు, బ్రేకులు, ఇన్సూరెన్సు అన్నీ ఆ తర్వాతి సంగతులు. "బండి బాగానే పోతా ఉండాది గదన్నా, ఊరికే దుడ్లెందుకు పోసేది?" అంటారు.

ఈ నమ్మకం తప్పు. మామూలు రోజుల్లో జేబుకు చేటు, ఘాట్ రోడ్డు మీద ప్రాణానికే చేటు. అందుకే దీన్ని ఊరికే వదిలేయకుండా అంకెలతో ఎదుర్కోవాలి.

నమ్మకం ఎందుకు పుట్టిందో నాకు తెలుసు. ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోలు మీద 31 శాతం వ్యాట్, దానిపైన లీటరుకు 4 రూపాయలు, ఆపైన రోడ్డు అభివృద్ధి సెస్సు మరో రూపాయి. 2025లో లీటరు పెట్రోలు విజయవాడలో 109 రూపాయలు దాటి ఉంటే బెంగళూరులో 103 లోపే ఉంది, చెన్నైలో 101 దరిదాపుల్లో ఉంది. విశాఖపట్నంలో ఉండేవాడికి ఇది పేపర్లో చదివే వార్త. మనకు అలా కాదు. మదనపల్లె నుంచి చింతామణి దారి పడితే కర్ణాటక వస్తుంది. కుప్పానికైతే ఒకవైపు కర్ణాటక, ఇంకోవైపు తమిళనాడు. కళ్ళెదుట కనిపించే తేడా మనిషిని లాగుతుంది. ఆ పన్ను తగ్గించమని ప్రభుత్వాన్ని అడగాల్సిందే, నేనూ అడుగుతాను. పనిమీద కోలారుకో బెంగళూరుకో పోయేవాళ్ళు అక్కడే ట్యాంకు నింపుకుని రావడంలోనూ తప్పేమీ లేదు. నా తగవు పెట్రోలు కోసమే బండి తీసేవాళ్ళతో. అంతకన్నా, ఆ ఒక్క పని చేసి కారు ఖర్చును అదుపులో పెట్టామనుకునేవాళ్ళతో.

లెక్క వేద్దాం. లీటరుకు 7 రూపాయల తేడా, ట్యాంకులో పట్టేది 35 లీటర్లు. మిగిలేది 245 రూపాయలు. అవతలి బంకుకు పోను రాను 40 కిలోమీటర్లనుకుంటే, లీటరుకు 16 ఇచ్చే బండికి రెండున్నర లీటర్లు కావాలి. అక్కడి ధరకే అవి 257 రూపాయలు. అంటే సగం పూట పోగొట్టుకుని, పైన ఇంకో 12 రూపాయలు కట్టి వచ్చినట్టు. కుప్పం వాళ్ళు ఒప్పుకోరు, మాకు సరిహద్దు ఇంకా దగ్గరంటారు. నిజమే. పోను రాను 16 కిలోమీటర్లే అయితే ట్యాంకుకు 140 రూపాయల దాకా మిగులుతాయి. ఏడాదికి 10,000 కిలోమీటర్లు తిరిగే బండికి 18 సార్లు ట్యాంకు నింపాలి. ఏడాది మొత్తం మీద మిగులు రెండున్నర వేలు. అదనంగా ఒక్క కిలోమీటరు కూడా తిప్పకుండా ప్రతి చుక్కా అవతలే పోయించుకోగలిగినా 4,375 రూపాయలు దాటదు. ఈ అంకెను గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు అసలు లెక్క. ఎనిమిది లక్షల కారు, ఐదేళ్ళు, ఏడాదికి 10,000 కిలోమీటర్లు. బీమా కంపెనీల తరుగుదల పట్టికలోనే నాలుగేళ్ళు దాటిన కారు విలువలో 50 శాతం కొట్టేస్తారు. అంటే నాలుగు లక్షలు, కిలోమీటరుకు 8 రూపాయలు. ఆరు లక్షలు 9 శాతం వడ్డీకి ఐదేళ్ళ వాయిదాల మీద తెచ్చుంటే వడ్డీ ఒక్కటే లక్షా 47 వేలు, కిలోమీటరుకు దాదాపు 3 రూపాయలు. పెట్రోలు మన ఊరి బంకు ధరకే పోయించినా 6 రూపాయల 90 పైసలు. ఇన్సూరెన్సు ఏడాదికి 15 వేలు, సర్వీసింగు, టైర్లు కలిపి ఇంకో 15 వేలు వేసుకుంటే చెరో రూపాయిన్నర. మొత్తం కిలోమీటరుకు 21 రూపాయల దాకా తేలుతుంది. పెట్రోలు అందులో మూడోవంతు. మూడోవంతులో ఆరేడు శాతం తగ్గించడానికి పొద్దు పుచ్చుతూ, మిగిలిన రెండు వంతుల వైపు కన్నెత్తి చూడకపోవడాన్ని పొదుపు అనలేం.

దీనికి వాళ్ళ జవాబు బలమైనదే. తరుగుదల కాగితం మీది లెక్క, పెట్రోలు వారం వారం చేతి నుంచి పోయే డబ్బు అంటారు. మదనపల్లెలో టమోటా రేటును బట్టి బతికే ఇంట్లో ఈ మాటకు అర్థముంది. 2023 జులైలో ఇక్కడి మార్కెట్లో కిలో 150 రూపాయలు దాటింది, ఇంకో సీజనులో కోత కూలీకి సరిపోక పొలంలోనే వదిలేసిన రోజులూ వచ్చాయి. అలాంటి రాబడిలో చేతిలోని నోటుకే మనసు అతుక్కుంటుంది. కానీ తరుగుదల కాగితం మీద ఉండిపోదు. బండి అమ్మే రోజున అది నోట్లుగానే బయటపడుతుంది. కొనేవాడు తన మెకానిక్కును వెంటబెట్టుకుని వస్తాడు. ఆయిలు మూత తీసి చూస్తాడు, సర్వీసు బిల్లులు అడుగుతాడు, టైర్ల అరుగుదల చూస్తాడు. అక్కడ కోసుకునే ముప్పై నలభై వేలు, ఐదేళ్ళు మనం చేయించకుండా వదిలేసిన పనులకు ఒక్కసారిగా కట్టే ధర. పాల లెక్క మాత్రం రాసుకుని దాణా ఖర్చు దండగ అనుకునే రైతు పుంగనూరు చుట్టుపక్కల ఎక్కడా కనపడడు. కారు దగ్గరికి వచ్చేసరికే ఆ బుద్ధి మనల్ని వదిలేస్తోంది.

ఈ నమ్మకం చేసే నష్టం అన్నిటికన్నా ఎక్కువగా రేడియేటర్లో కనిపిస్తుంది. మన ప్రాంతంలో బోరు నీళ్ళు పోయడం అలవాటు. కూలెంటు డబ్బాకు కొన్ని వందలవుతాయి, నీళ్ళు ఊరికే వస్తాయి. వెయ్యి అడుగుల లోతు నుంచి వచ్చే ఆ నీళ్ళలో ఎంత లవణముందో తెలియాలంటే ఇంట్లో గీజరు రాడ్డు మీద పేరుకునే తెల్లటి పొర చూస్తే చాలు. అదే పొర రేడియేటరు సన్నటి గొట్టాల్లోనూ పేరుకుంటుంది. ఇప్పటి ఇంజిన్ల హెడ్డు, రేడియేటరు అల్యూమినియంవి. కూలెంటులో గ్లైకాలుతో పాటు తుప్పును ఆపే మందులుంటాయి, వట్టి నీళ్ళలో ఉండవు. మామూలు నీళ్ళు ఏడువందల మీటర్ల ఎత్తున్న మదనపల్లెలో 100 డిగ్రీలకు ముందే మరుగుతాయి. సగం గ్లైకాలు, సగం డిస్టిల్డ్ వాటరు కలిపి మూత సరిగా బిగించిన రేడియేటర్లో 120 డిగ్రీలు దాటినా మరగదు. ఏప్రిల్ మధ్యాహ్నం ఏసీ వేసుకుని నలుగురితో ఎత్తు ఎక్కేటప్పుడు ఈ తేడాయే ఇంజిన్ను కాపాడేది. వేడి మీరితే హెడ్డు వంగుతుంది, గాస్కెట్టు పోతుంది, ఆయిల్లో నీళ్ళు కలుస్తాయి. ఆ పని వేలల్లో మొదలవుతుంది, ఇంజిను సీజయితే లక్ష దాకా పోతుంది. పెట్రోల్లో నిండు సంవత్సరం మిగిల్చిన 4,375 రూపాయలు ఒక్క హెడ్డు దించడానికి చాలవు.

ఇంకో అలవాటు దీనికి తోడవుతోంది. ఇంజిను వేడెక్కుతోందంటే కొన్ని షెడ్లలో థర్మోస్టాట్ వాల్వు పీకి పారేస్తారు. "ఇంక చల్లగా ఉంటాదిలేన్నా" అని భరోసా ఇస్తారు. చల్లగా ఉంటుంది, నిజమే. అయితే ఆ చలవ అవసరానికి మించింది. ఇంజిను ఇంకా వేడెక్కలేదనుకుని కంప్యూటరు పెట్రోలు ఎక్కువ చిమ్ముతుంది. మైలేజీ పడిపోతుంది, ఆయిలు త్వరగా పాడవుతుంది, వేడెక్కడానికి అసలు కారణమేదో అలాగే దాగి ఉంటుంది. మైలేజీ కోసం ప్రాణం పెట్టే మనిషి ఆ మైలేజీనే ఇలా పోగొట్టుకుంటాడు. తిప్పలేమీ లేని మార్గం ఉంది. పొద్దున ఇంజిను చల్లగా ఉన్నప్పుడు బానెట్ ఎత్తి రిజర్వు ట్యాంకు మీది రెండు గీతల మధ్య మట్టం ఉందో లేదో చూడడం. మాటిమాటికీ తగ్గుతోందంటే లీకుందని అర్థం, దాన్ని వెతికించాలి గానీ నీళ్ళు కలుపుతూ పోకూడదు. చాలా కొత్త కార్లలో వేడి ముల్లు ఉండదు, ఎర్ర దీపమే ఉంటుంది. అది వెలిగిందంటే అప్పటికే ఆలస్యమైంది. పక్కకు తీసి ఇంజిను ఆపాలి. పొగలు కక్కే రేడియేటరు మూత తీయకూడదు, చల్లటి నీళ్ళు గుమ్మరించకూడదు. ఊరు ఇంకో ఐదు కిలోమీటర్లే కదా అని నడిపినవాళ్ళే ఇంజిన్లు దించుకుంటారు.

గాలి సంగతి త్వరగా చెప్పి ముగిస్తాను. డ్రైవరు తలుపు తెరిస్తే పక్కన అతికించిన కాగితం మీద ఎంత గాలి పెట్టాలో ఉంటుంది, నిండు మందికి ఎంతో కూడా విడిగా ఉంటుంది. టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. పెట్రోలు బంకులో గాలి ఉచితంగా కొట్టాలన్నది ఆయిలు కంపెనీల నిబంధన. నైట్రోజన్ అని డబ్బులు పోయనక్కర్లేదు, మామూలు గాలిలోనే 78 శాతం అది ఉంది. గాలి తక్కువైతే మైలేజీ తగ్గుతుంది, అంచులు అరుగుతాయి, వేడెక్కి పగిలే ప్రమాదముంది. బంకు దగ్గర లీటరు ధర చూసే కన్ను అదే బంకులోని గాలి గొట్టం వైపు ఎందుకు పోదో నాకు అంతుబట్టదు. దుమ్ము రోడ్ల మీద, గ్రానైటు లారీల వెనక తిరిగే కుప్పం బండికి ఎయిర్ ఫిల్టరు పుస్తకంలో రాసిన కిలోమీటర్ల కన్నా ముందే మూసుకుపోతుందనీ ఇక్కడే చెప్పాలి.

"సరే, చేయిద్దామంటే ఎవర్ని నమ్మేది?" అనేది తర్వాతి వాదం. షోరూంలో దోచుకుంటారు, బయటి షెడ్డులో పాడు చేస్తారు, కాబట్టి బండి ఆగేదాకా ఎవరి గడపా తొక్కకపోవడమే మేలు అంటారు. మొదటి రెండు ముక్కల్లో నిజముంది, మూడోదానికి అవి దారి తీయవు. బండి ఆగాక మెకానిక్కు చేతిలో మనం ఇంకా ఎక్కువగా చిక్కుతాం. టో చేసి తెచ్చిన బండికి బేరం ఉండదు. నడుస్తున్న బండితో వెళ్తే రేటు అడగొచ్చు, వద్దనుకుంటే ఇంకో షెడ్డుకు పోవచ్చు.

షోరూం తప్ప దిక్కులేదన్న భయం కూడా సగం తయారుచేసి పెట్టిందే. 2014 ఆగస్టు 25న కాంపిటిషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. స్పేర్ పార్టులు, రోగం కనిపెట్టే పరికరాలు, మరమ్మతు సమాచారం బయటి మెకానిక్కులకు అందకుండా చేశారన్నది నేరం. బయట చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం పోతుందని గుండుగుత్తగా షరతు పెట్టరాదని కూడా ఆ ఉత్తర్వు చెప్పింది. కంపెనీలు అప్పీళ్ళకు వెళ్ళాయి, ఆ పోరు చాలా ఏళ్ళు నడిచింది. దాని సారం మాత్రం ఊరి మెకానిక్కుకు, ఊరి కారు యజమానికి అనుకూలమైనది. నా సలహా ఇది: వారంటీ ఉన్నన్నాళ్ళు కంపెనీ సర్వీసులోనే చేయించి బిల్లులు దాచుకోండి, ఆ తర్వాత ఊళ్ళో ఒక మంచి షెడ్డును పట్టుకుని దాన్ని వదలకండి. ఆయిలు ఏ గ్రేడో పుస్తకంలో ఉంటుంది. జీరో డబ్ల్యూ ట్వంటీ అని ఉన్న చోట "చిక్కగుంటే మంచిది" అని డ్రమ్ములోంచి ఇంకోటి పోయనివ్వకండి. సీలున్న డబ్బా మీ ఎదుటే తెరిపించండి. పార్టు డబ్బా మీద ఎంఆర్పీ ఉంటుంది, తీసిన పాత పార్టు మీ చేతికివ్వమని ముందే చెప్పండి. ఇలా అడిగేవాణ్ణి మోసం చేయడం కష్టం. మంచి మెకానిక్కు వీటికి నొచ్చుకోడు. అతనికీ గిట్టుబాటయ్యే కూలీ ఇవ్వండి. మదనపల్లె షెడ్లలో చెవితోనే బేరింగు రోగం చెప్పగలిగేవాళ్ళున్నారు, వాళ్ళ పనికి విలువ కట్టకుండా రెండు వందలకు బేరమాడి చివరికి డూప్లికేటు పార్టు వేయించుకుంటున్నది మనమే.

ఇన్సూరెన్సు విషయంలో పెట్రోలు లెక్క పూర్తిగా తేలిపోతుంది. ఐదేళ్ళు క్లెయిమ్ లేకుండా నడిపినవాళ్ళకు సొంత నష్టం ప్రీమియంలో 50 శాతం తగ్గుతుంది. పాలసీ గడువు దాటి 90 రోజులు గడిస్తే ఆ తగ్గింపు మొత్తం పోయి సున్నా నుంచి మొదలవుతుంది. ప్రీమియం 8,000 రూపాయలనుకుంటే, తిరిగి 50 శాతానికి చేరేలోపు ఐదేళ్ళలో పోయేది 10,000. తేదీ మర్చిపోయినందుకు కట్టే మూల్యం అది. బంపరు గీతకు మూడు వేల క్లెయిమ్ పెట్టుకునేవాళ్ళదీ ఇదే నష్టం. ఆ తగ్గింపు బండికి కాదు, యజమానికి చెందుతుంది, కొత్త కారుకు మార్చుకోవచ్చు అన్నది కూడా చాలామందికి ఎవరూ చెప్పరు. బెంగళూరులో చౌకగా దొరికిందని కేఏ నంబరు కారు తెచ్చుకునేవాళ్ళు ఇంకో మాట వినాలి. వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచే బండిని అక్కడ మళ్ళీ రిజిస్టరు చేయించాలన్నది మోటారు వాహనాల చట్టం 47వ సెక్షను. ఎన్వోసీ, ఇక్కడి లైఫ్ ట్యాక్సు కలిపాకే అది చౌకో కాదో తేలుతుంది. పాలసీ మీ పేరుకు మారకపోతే ప్రమాదం రోజున మీ బండికి పైసా రాకపోవచ్చు.

ఇక ఘాట్లు. హార్స్లీ హిల్స్ పన్నెండు వందల మీటర్ల పైన ఉంది. అక్కడి నుంచి మదనపల్లె మట్టానికి ఐదు వందల మీటర్లకు పైగా దిగుడు. తిరుపతికి పోతే పీలేరు దాటాక భాకరాపేట ఘాటు. పలమనేరు నుంచి చిత్తూరు దిగితే మొగిలి ఘాటు. మన కార్లు ఏడాదిలో ఎన్నోసార్లు దిగే దారులివి. ఇక్కడే "పెట్రోలు మిగులుతుంది" అంటూ న్యూట్రల్‌లో వదిలేసేవాళ్ళను చూస్తాం. కొందరు ఇంజిను కూడా ఆపేస్తారు. తండ్రి కొడుక్కి నేర్పుతాడు, అన్న తమ్ముడికి నేర్పుతాడు.

పాత కార్బురేటరు బండ్ల కాలంలో ఈ మాటకు కొంత ఆధారముంది. ఇప్పటి ఇంజెక్షను బండ్లకు అది తలకిందులు. గేరులో ఉండగా యాక్సిలరేటరు మీంచి కాలు తీసి దిగుతుంటే చక్రాలే ఇంజిన్ను తిప్పుతాయి, కంప్యూటరు పెట్రోలు చిమ్మడం పూర్తిగా ఆపేస్తుంది. న్యూట్రల్‌లో వేస్తే ఇంజిను ఆగిపోకుండా ఉండాలి కాబట్టి పెట్రోలు కాలుతూనే ఉంటుంది. అంటే మిగులుతుందనుకున్నది అసలు మిగలదు. బదులుగా ఇంజిను పట్టు పోయి బరువంతా బ్రేకుల మీద పడుతుంది. ఇంజిను ఆపితే బ్రేకుకు బలమిచ్చే వాక్యూము రెండు మూడు తొక్కులకే అయిపోతుంది, స్టీరింగు బిగుసుకుంటుంది.

ఆ బ్రేకుల్లో ఉన్న ఆయిలు ఎన్నేళ్ళదో అడిగితే చాలామంది దగ్గర జవాబుండదు. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 155కు పడిపోతుంది. కొండ దిగుతూ బ్రేకు మీదే కాలు ఉంచితే పళ్ళేల వేడి ఆయిలుకు చేరి, అది మరిగి బుడగలు కడుతుంది. బుడగలు నొక్కుకుపోతాయి, పెడలు నేలకు ఆనుతుంది, బండి ఆగదు. బయటికి ఏ లోపమూ కనిపించని, "బాగానే పోతా ఉన్న" కారుకే ఇది జరుగుతుంది.

కాబట్టి ఈ మూడు ఊళ్ళ పాఠకులకు నా విన్నపం. కొండ ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగండి, ఆటోమేటిక్ అయితే కింది గేరుకు మార్చండి. బ్రేకును ఆగి ఆగి గట్టిగా తొక్కండి, దాని మీద కాలు పెట్టి ఉంచకండి. బ్రేకు ఆయిలు మార్పించి రెండేళ్ళు దాటి ఉంటే, ఎప్పుడు మార్పించారో గుర్తులేకపోయినా సరే, తిరుపతి ప్రయాణం పెట్టుకునే ముందు ఈ వారమే మార్పించండి. దానికయ్యేది కొన్ని వందలు.